ఎవరూ పట్టుకోని స్టీరింగ్

మా పికప్ వ్యాను ముందు చక్రాల గురించి నేను నలుగురిలో మొదటిసారి నోరు విప్పినప్పుడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, నవ్వారు. షెడ్డులో ఇద్దరు మెకానిక్కులున్నారు, టీ తెచ్చినతను ఉన్నాడు. "అమ్మాయ్, ఇది గరిటె కాదు, స్టీరింగు" అన్నారాయన. మెకానిక్కులు నవ్వారు. టీ అతనికి మా ఇల్లూ వాకిలీ తెలియదు, అతనూ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు గానీ, నేల మీద నూనె మరకలకేసి చూస్తూ నిలబడ్డారు. ఆ చూపు కూడా నాకు గుర్తే.

తొంభైల చివరి రోజులవి. కడియం పక్కన మాకు చిన్న నర్సరీ ఉండేది. అన్నదమ్ములిద్దరూ కలిసి పాత వ్యాను ఒకటి కొన్నారు. నడిపేది మా ఆయన, నిర్ణయాలు బావగారివి. మొక్కల లోడు తేలికగా ఉంటుందని తెలియనివాళ్ళు అనుకుంటారు. ఒక్కో కవర్లో తడిమట్టి ఉంటుంది, ఎండిపోకుండా దారిలో మళ్ళీ నీళ్ళు చల్లాలి. సామర్లకోట, పిఠాపురం వైపు లోడు వెళ్ళినప్పుడల్లా నేనూ వెళ్ళేదాన్ని. ఏ అంటు ఏ చెట్టుదో కొనేవాళ్ళకి చెప్పాల్సింది నేనే. నా సీటు ఎడమపక్క. మా దారి కాలువ గట్టు మీది రోడ్డు. దాని మీద పోయేటప్పుడో వచ్చేటప్పుడో, ఒక దారిలో కాలువ తప్పకుండా నా వైపే ఉంటుంది. మధ్యలో గోడ లేదు, రాయి లేదు. గడ్డి, ఆ తర్వాత నీళ్ళు.

మొదట్లో ఆ బండితో నాకు పేచీ లేదు. స్టీరింగ్ కొంచెం లూజుగా ఉండేది, అంతే. వానాకాలంలో తోటల మధ్య బురదదారుల్లో ముందు ఇరుసు నేలకి రాసుకుంటోందని బావగారు ఒక ఉపాయం చేశారు. ఏదో లారీవి పాత కమాను పట్టీలు, అంటే బరువుకి కుంగి లేచే ఉక్కు బద్దలు, తెచ్చి, కొలతకి కోయించి, ముందు చక్రాల పైనున్న కమాన్లలో అదనంగా వేయించారు. వాటిని అందరూ ప్లేట్లు అనేవారు. బండి ముందుభాగం జానెడు పైకి లేచింది. "ఇప్పుడు చూడండి దర్జా" అని వీధిలో నాలుగు ఇళ్ళకి వినబడేలా అన్నారు. కొత్త షాకబ్జర్లు కూడా వేశారు. నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు.

ఆ వారమే మొదలైంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా స్టీరింగు తనంతట తాను తిరిగేది. మా ఆయన వెనక్కి లాక్కునేవారు. చూడ్డానికి చిన్న కదలికే, కానీ అది ఎప్పుడూ ఎడమకే. కాలువ నా వైపున్నప్పుడు ఎడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక ఆయన కుడిభుజం నొక్కుకుంటూ కూర్చునేవారు. ఏమైందంటే నిద్ర చాల్లేదనేవారు.

అసలు సంగతి నేను కళ్ళారా చూసింది మా పెరట్లోనే. ఇంజను కట్టేసి ఉంది. నేను నా సీట్లో కూర్చుని మొక్కల లెక్క చూసుకుంటున్నాను. టార్పాలిన్ తాడు కట్టడానికి కూలివాళ్ళు ఇద్దరు ముందు బంపరెక్కారు. బండి ముందుకి కుంగింది. నా పక్కన, ఎవరూ లేని సీటు ముందు, స్టీరింగు మెల్లగా ఎడమవైపుకి తిరిగింది. వాళ్ళు దిగారు. అది మళ్ళీ వెనక్కొచ్చింది.

దిగి, కిందకి వంగి చూశాను. స్టీరింగు నుంచి చక్రానికి ఒక ఇనపరాడ్డు పోతుంది. రేవులో బండి కడిగేటప్పుడు ఎన్నోసార్లు చూశాను, ఇంతకుముందు అది నేలకి సమంగా పడుకుని ఉండేది. ముందుభాగం పైకి లేచాక ఏటవాలుగా వేలాడుతోంది. కమాను కుంగితే ఆ ఏటవాలు రాడ్డు చక్రాన్నీ స్టీరింగునీ కదిలించక ఏం చేస్తుంది? రాడ్డు చివరనున్న బాల్ జాయింటు ఒక పక్కకి ఒరిగి, దాని రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు బదులు కాలువ ఒండ్రు కనబడింది. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. వంగి చూస్తే చాలు.

ఆయన్ని పిలిచి, కూలివాళ్ళని మళ్ళీ బంపరెక్కించి చూపించాను. ఆయన చూశారు. "అన్నయ్యకి చెబుతా" అన్నారు. చెప్పారో లేదో తెలియదు. అందుకే నేనే షెడ్డుకి వెళ్ళి చెప్పాను. అప్పుడే ఆ గరిటె మాట.

మా అత్తగారు కూడా ఆ స్టీరింగు తిరగడం చూశారు. చూసి, బండికి గాలి సోకిందన్నారు. సాంబ్రాణి పొగ వేయించి, అద్దం ముందు నల్లతాడుతో నిమ్మకాయా మిరపకాయలూ కట్టించారు. గాలి కాదు, ఆ ప్లేట్లు అని నేను చెప్పబోతే నోరు మూయమన్నారు. బండి ముందు నిలబడి చెడు మాట్లాడకూడదట, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట. మా ఇంట్లో ఏ బోల్టు వదులైందో బయల్దేరే ముందు చెప్పకూడదు, అది అపశకునం. బయల్దేరాక చెబుదామంటే, దారిలో చెప్పకూడదు. తిరిగొచ్చాక చెబితే, క్షేమంగా వచ్చారుగా, ఇంకేంటంటారు. మరి ఎప్పుడు చెప్పాలో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

వేసవిలో కాలువలు కట్టేసినన్నాళ్ళూ నాకు కొంత ఊపిరాడింది. అడుగున బురదా, పగిలిన కుండలూ కనిపిస్తుంటే పడినా బతుకుతాంలే అనిపించేది. జూన్లో ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారు. ఎర్రనీళ్ళు గట్టు అంచులకి వచ్చి నిలిచాయి. అవతలి గట్టు మీద మనుషులు నీళ్ళ మీద నడుస్తున్నట్టుండేవారు.

పిఠాపురం లోడు ఎత్తిన ఉదయం నేను గేటు దగ్గర నిలబడ్డాను. ప్రతి లోడుకీ నేను ఎదురు రావాలి, ముత్తయిదువ ఎదురొస్తే శుభమని అత్తగారి నియమం. ఎదురు వచ్చి, తర్వాత వెళ్ళి నా సీట్లో కూర్చునేదాన్ని. ఆ రోజు కదల్లేదు.

"ఆ ప్లేట్లు తీయించేదాకా ఈ బండి గట్టెక్కకూడదు. ఎక్కితే ఏదో ఒకరోజు కాలువలోకే" అన్నాను.

మా ఆయన తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. బావగారు వచ్చి ఆ తాళం లాక్కున్నారు. లారీలు నడిపిన చేతులివి, పెళ్ళాం మాటకి భయపడే చేతులు కావన్నారు. నా పక్కనుంచి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం కబురొచ్చింది. ద్వారపూడి దాటాక బండి కాలువలోకి దిగిపోయిందని. రేవులో బట్టలుతుకుతున్నవాళ్ళు దూకి బావగారిని బయటికి లాగారు. ఎడంచెయ్యి రెండుచోట్ల విరిగింది. క్రోటన్లూ కనకాంబరం నారూ నీళ్ళమీద తేలుతూ పోతుంటే గట్టు మీద పిల్లలు వెంటపడి ఏరుకున్నారట. నేను వెళ్ళేసరికి ట్రాక్టరుతో బండిని పైకి లాగేశారు. క్యాబిన్లోంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. నేను లోపలికి చెయ్యిపెట్టి స్టీరింగు తిప్పాను. అది బొంగరంలా తిరిగింది. చక్రాలు కదల్లేదు. కింద రాడ్డు చివర ఊడిపోయి వేలాడుతోంది.

ఆస్పత్రిలో బావగారు కళ్ళు తెరిచి మొదట అడిగింది నీళ్ళు. రెండోది నా గురించి. "ఆవిడ నోటి చలవే ఇది" అన్నారు. అత్తగారు తలూపారు. చుట్టుపక్కల మంచాలవాళ్ళు నాకేసి తిరిగి చూశారు. మా ఆయన ఫ్లాస్కు మూత తీయడంలో మునిగిపోయారు.

ఆ రోజు నుంచి అది స్థిరపడిపోయింది. ప్లేట్ల వల్ల కాదు, జాయింటు వల్ల కాదు, నా మాట వల్ల బండి పడింది. చుట్టాలు పరామర్శకి వచ్చి, వెళ్ళేటప్పుడు నాకు చెప్పకుండా వెళ్ళేవారు. పచ్చడి గిన్నె తీసుకెళ్ళిన ఒకావిడ దాన్ని గేటు దగ్గరే పెట్టేసి పోయింది.

బండిని బాగుచేయించారు. రాడ్డు కొత్తది, జాయింట్లు కొత్తవి, చక్రాలు పక్కకి తిరగడానికి ఉండే కింగ్ పిన్నులు కూడా కొత్తవి వేశారు. బావగారు మెడలో కట్టు వేసుకుని షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ప్లేట్లు మాత్రం కడిగించి, గ్రీజు పూయించి, మళ్ళీ అక్కడే వేయించారు. పాత జాయింటు తెగింది, దానికి ప్లేట్లేం చేశాయన్నారు. బండి ఇంటికొచ్చాక ఎవరూ లేనప్పుడు నేను బంపరెక్కి అద్దంలోంచి లోపలికి చూశాను. స్టీరింగు ఎడమకి తిరిగింది. కొత్త జాయింటు కూడా అప్పుడే ఒక పక్కకి ఒరిగి ఉంది. ఈసారి అందులో కూర్చునేది మా ఆయన.

మొదటి లోడు రోజున నన్ను పెరటి వెనక బావి దగ్గరే ఉండమన్నారు. బండి వీధి దాటేదాకా ముందుకి రావద్దన్నారు. ఎదురు రావడానికి పక్కింటి కోడల్ని పిలిచారు. పట్టుచీర కట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చి నిలబడింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను బావి దగ్గర్నుంచి నడిచొచ్చి, తలుపు తీసి, నా సీట్లో కూర్చున్నాను.

"దిగు" అన్నారు అత్తగారు.

"ఎదురు రావద్దన్నారు, రాలేదు. బండిలో కూర్చోవద్దని ఎవరూ అనలేదు అత్తయ్యా."

బావగారు కట్టు సర్దుకుంటూ, ఈవిడ కూర్చుంటే లోడు చేరినట్టేనన్నారు. మా ఆయన నన్ను దిగమనలేదు, ఉండమనీ అనలేదు. బండి తీశారు. నిమ్మకాయలు చిట్లాయి.

గట్టెక్కేసరికి పదకొండు దాటింది. కాలువ నా వైపుంది. నీళ్ళు నా మోచేతికి అందుతాయేమో అన్నంత ఎత్తులో ఉన్నాయి. కల్వర్టు దగ్గర చక్రం గుంతలో పడింది. స్టీరింగు ఆయన చేతుల్లోంచి ఎడమకి గుంజుకుంది. ఆయన వెనక్కి తిప్పుకున్నారు. గడ్డి మా చక్రం కింద నలిగిన చప్పుడు నాకు వినపడింది. నేను ముందుకే చూస్తున్నాను. ఇంకొంత దూరం పోయాక రెండోసారి లాగింది. ఈసారి ఎదురుగా బస్సు వస్తోంది.

బస్సు దాటాక ఆయన బండి పక్కకి తీసి ఆపారు. ముఖం తుడుచుకున్నారు.

"నువ్వేం మాట్లాడవేంటి?" అన్నారు.

"నేను మాట్లాడితే జరుగుతుందట కదండీ."

ఆయన దిగారు. ముందుకెళ్ళి బంపరు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కారు. మా పెళ్ళయ్యాక ఆయన నా మాట పరీక్షించి చూడటం అదే మొదటిసారి. అద్దంలోంచి ఆయన లోపలికి చూస్తున్నారు, నేను పక్కన కూర్చుని చూస్తున్నాను. మా ఇద్దరి మధ్యా ఆ స్టీరింగు మెల్లగా కాలువవైపు తిరిగి ఆగింది. ఆయన దిగలేదు. అలాగే నిలబడి చాలాసేపు చూశారు.

ముందు ఊళ్ళో బండి తిప్పుకుని నడిచినంత నెమ్మదిగా ఇంటికొచ్చాం. లోడు తిరిగొచ్చిందని వీధంతా గేట్ల దగ్గరికొచ్చి చూసింది. అత్తగారు అడిగారు, బావగారు అడిగారు. ఆయన మొక్కలు దింపించి, జాకీ వేసి, గోనె పరుచుకుని కిందకి దూరారు. నట్లు ఆయనే విప్పారు. సాయంత్రానికి ఆ ప్లేట్లు గడప ముందు వరసగా ఉన్నాయి. బండి ముందుభాగం మళ్ళీ కిందకి దిగింది.

"ఎందుకు తీశావురా?" అన్నారు బావగారు.

"తుప్పు పట్టాయి అన్నయ్యా."

నేను దీపం తెచ్చి వంగి చూశాను. పూసిన గ్రీజు పూసినట్టే మెరుస్తోంది. ఒకటి తిప్పి వెనకపక్క కూడా చూశాను.

"ఎక్కడండీ తుప్పు?" అని అడిగాను.

ఆయన బండి కింద నట్లు బిగిస్తూనే ఉన్నారు.