హర్షిణికి నచ్చిన కాలేజీ

ఆదోనిలో పత్తి వ్యాపారి బాలకృష్ణయ్యకు సరుకు నచ్చిందంటే ముఖం ముడుచుకుపోతుంది. "తేమ ఉంది, సెత్త ఉంది, ఇదేం పత్తప్పా!" అని విసుక్కున్నాడంటే ఆ పత్తి ఆయన గోడౌనుకు చేరినట్టే. అక్కర్లేని సరుకైతే మాత్రం "శానా బాగుందన్నా, మళ్ళా వస్తాం" అని నవ్వుతూ చెయ్యి దులుపుకుంటాడు. మార్కెట్టంతా ఇదే మర్యాద. వాళ్ళింట్లో టమాటాలు కూడా ఇలాగే కొంటారు.

ఆయన ఒక్కగానొక్క కూతురు హర్షిణికి మైక్రోబయాలజీ పిచ్చి. ఇంటర్ రెండేళ్ళూ మైక్రోస్కోపును పుస్తకంలో బొమ్మగానే చూసింది. డిగ్రీకైనా మంచి ల్యాబున్న కాలేజీ కావాలని పట్టుబట్టింది. "రెండు సూద్దాం. నీకు నచ్చిందాంట్లోనే చేరుస్తా" అని తండ్రి మాటిచ్చాడు.

మొదట ఊళ్ళోనే, బైపాసు పక్కనున్న కొత్త కాలేజీకి వెళ్ళారు. అద్దాల మేడ. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ, అందులో ర్యాంకులొచ్చిన పిల్లలు, వాళ్ళకంటే పెద్దగా కరస్పాండెంటు. ల్యాబుకు మాత్రం తాళం. తాళంచెవి ఉన్నాయన ఆస్పరిలో పెళ్ళికి పోయాడట. కిటికీలోంచి తొంగిచూస్తే లోపల ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి ఉన్నాయి. హర్షిణికి ఒళ్ళు మండింది.

"ఇది ల్యాబా, గోడౌనా? ఈడ ఏం నేర్పిస్తారు సార్?" అని ప్రిన్సిపాల్‌ను ముఖం మీదే అడిగేసింది. బాలకృష్ణయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

మర్నాడు ఎమ్మిగనూరు. పాత భవనం, పెచ్చులూడిన గోడలు. కానీ భారతి అనే లెక్చరరు హర్షిణిని స్టూలు మీద కూర్చోబెట్టి, మైక్రోస్కోపులో పెరుగు చుక్క చూపించింది. పెరుగులో అంత జనాభా ఉంటుందని చదవడం వేరు, చూడటం వేరు.

"శానా బాగుంది మేడమ్! మళ్ళా వస్తాను" అంది హర్షిణి సంతోషం పట్టలేక.

"బాగా సెప్పినావు పాపా, అట్లే ఉండల్ల" అని తిరుగు బస్సులో తండ్రి మెచ్చుకుంటే పొంగిపోయింది.

వారం తిరక్కుండా ఆయన స్వీటు పొట్లంతో ఇంటికొచ్చాడు. "బైపాసు కాలేజీలో చేర్పించినా!"

"అది నచ్చలేదు నాయనా! అంతమంది ముందర తిట్టినా కదా!"

"తిట్టినావు కాబట్టే కదా నాకు తెలిసింది! ప్రిన్సిపాల్ బెదిరిపోయి ముందు బెంచీ ఇస్తానన్నాడు."

"నిజంగానే బాగలేదు! నాకు ఎమ్మిగనూరే బాగుంది!" హర్షిణి ఏడుస్తూ అరిచింది.

బాలకృష్ణయ్య భార్య వైపు గర్వంగా తిరిగాడు. "సూడు గోవిందమ్మా, సీటు చేతికొచ్చినాక కూడా బయటపడదు. కొడుకు లేడని ఏడ్సినావే! డిగ్రీ అయిపోతానే దుకాణంలో దీన్నే కూర్చోబెడతా."

హర్షిణికి ఇక ఏ మాటతో కాదనాలో తెలియలేదు.