లచ్చి గది కిటికీ

చిన్నప్పుడు మా మాస్టారు నన్ను గాడిద అనేవారు. ఎనిమిదిలోనే బడి మానేసి ఆయన మాట నిలబెట్టాను. కరోనా తగ్గిన మరుసటి ఏడాది కోల్‌కతాలో మా పురపాలక ఆఫీసువాళ్లు నన్ను జంతువుల లైసెన్సు విభాగానికి మారిస్తే, సొంతవాళ్ల దగ్గరికి చేరాననుకున్నాను.

ఎవరైనా ఇంట్లో గుర్రాన్ని పెంచితే టేపు పట్టుకుని వెళ్లడం నా పని. స్టేబుల్‌కి, అంటే గుర్రాన్ని కట్టే గదికి, గట్టి నేల, నీళ్లు పోయే కాలువ ఉండాలి. దానికీ మనిషి పడుకునే గదికీ మధ్య కిటికీ కూడా ఉండకూడదు.

ఖిదిర్‌పూర్‌లో మన తెలుగాయనే, సింహాద్రి బాబాయ్‌ది రెండు గదుల సొంతిల్లు. మైదానం దగ్గర గుర్రపు బండి తోలి, వయసు మీద పడ్డాక మానేశాడు. భార్య పోయింది. మిగిలింది ముసలి ఆడగుర్రం లచ్చి. వాసనొస్తోందని పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే వెళ్లాను. వాసనేమీ లేదు, లద్ది ఎప్పటికప్పుడు ఎత్తేస్తున్నాడు. కానీ రెండు గదుల మధ్య గోడకు కిటికీ ఉంది. అందులోంచి లచ్చి తల దూర్చి ఆయన మంచం వైపు చూస్తోంది.

“అది ఇటుకలతో మూసెయ్ బాబాయ్. లేకపోతే లైసెన్సు రాదు, గుర్రాన్ని తీసుకుపోతారు.”

“మూసేస్తే దాని ఊపిరి నాకెలా ఇనబడతాది బావూ? మీ పిన్ని పోయినకాడి నుంచి అది ఇంటేనే నాకు నిద్దర.”

“నా పక్క గదిలో ఎవరున్నారు? హాయిగా గుర్రుపెట్టి పడుకోవట్లేదేటి?” అన్నాను. ఆ జోకుకి నేనొక్కడినే నవ్వాను.

కిటికీ మూసేశాడు. పని అయ్యాక మళ్లీ తనిఖీ చేయాలి కాబట్టి వెళ్లాను. గదిలో మంచం లేదు. పెరట్లో, లచ్చి గది సగం తలుపు ముందు వేసుకున్నాడు. తలుపు మీదుగా అది తల చాచి తలగడ వాసన చూస్తోంది.

“ఇదేటి బాబాయ్?”

“తొంగునే గదికే కదా నీ రూలు. ఇది గదేటి?”

రూల్సన్నీ తిరగేశాను. పెరటి గురించి ఒక్క ముక్కా లేదు.

“మరి వానొస్తే?”

“గొడుగుంది. నాకు పట్టాలా, దానికి పట్టాలా అన్నదే తేలాల.”

లైసెన్సు ఇప్పించాను. అప్పటి నుంచి ఎవరింటి గోడ కొలిచినా, దానివల్ల ఎవరి నిద్ర చెడుతుందో ముందు అడుగుతున్నాను.

నిజానికి ఇక ఆ ఇంటికి వెళ్లే పని లేదు. అయినా డ్యూటీ దిగాక కాళ్లు అటే పోతున్నాయి. నా క్వార్టర్ తాళం నేను తీస్తే తప్ప ఎవరూ తీయరు, దానికి తొందరేముంది?

“కాలువ బాగుందో లేదో చూసిపోదామని వచ్చాను,” అన్నాను మొన్న కూడా.

బాబాయ్ లచ్చి మెడ నిమురుతూ నా మొహం వైపు చూశాడు.

“హాయిగా గుర్రెట్టి తొంగుంతానన్నావు కదేటి. కళ్లు సూస్తే అలా లేవు. ఇంకో మంచముంది, ఎయ్యమంటావేటి?”