మా మూడో కుక్క

మా ఇంట్లో అప్పటికే రెండు కుక్కలు. ఒకటి ముసలిది, కళ్ళు పూర్తిగా పోయాయి. ఇంకోటి పడుచుది, చెప్పులు కొరకడమే దాని పని. ఆబిడ్స్‌లో మా కిరాయి వాటాకి అవే ఎక్కువ. మూడోది కావాలని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక వానాకాలం సాయంత్రం మొజంజాహీ మార్కెట్ దగ్గర పళ్ళు కొంటుంటే బండి కింద నుంచి మూలుగు వినిపించింది. గోధుమరంగు ఆడకుక్క, వెనక కాలు నలిగిపోయి ఉంది. రెండు ఆటోలు ఆగి, దాన్ని చూసి వెళ్ళిపోయాయి. మూడో ఆటో ఆయన దిగి గోనెసంచి తీసి సీటు మీద పరిచాడు. "జల్ది ఎక్కించున్రి అమ్మా. పశువుల దవాఖాన బంద్ జేస్తరు మళ్ళ" అన్నాడు.

కాలు దక్కింది, కుంటు మిగిలింది. ఎవరైనా పెంచుకునేవాళ్ళు దొరికేదాకా ఉంచుకుందామంటే మావారు నవ్వి పాత దుప్పటి తెచ్చి పరిచారు. పైవాటాలో ఉండే ఓనరమ్మ మాత్రం మెట్ల మీద నుంచే అడిగింది.

"ఏందమ్మా, మూడోదా?"

"నయమయ్యాక పంపించేస్తాను అక్కా."

పంపలేదు. వారం తిరక్కుండానే అది ముసలిదానికి కళ్ళయిపోయింది. ముసలిది నీళ్ళ గిన్నె కోసం తడుముకుంటుంటే భుజంతో మెల్లగా అటు నెట్టేది.

ఒక రోజు గ్యాస్ సిలిండర్ తెచ్చినతను వెళ్ళాక గేటు సరిగ్గా పడలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి పడుచుది ఒక్కటే ఉంది. మావారు గౌలిగూడ వైపు వెళ్ళారు, నేను నాంపల్లి వైపు. ఆ ట్రాఫిక్‌లో కళ్ళు లేనిది ఎంతదూరం పోగలదు? బస్సు బ్రేకు వేసిన ప్రతిసారీ రోడ్డు మీదకి తొంగి చూశాను.

స్టేషన్ రోడ్డులో ఒక చాయ్ కొట్టు ఆయన్ని అడిగాను. "కుంటి కుక్కనా? ఔ, గాడ ఉన్నది, గోడ పక్కన. ఎవ్వర్నీ దగ్గరికి రానిస్తలేదు" అన్నాడు.

గోడకీ స్కూటర్లకీ మధ్య ముసలిది వణుకుతూ పడుకుని ఉంది. దాని ముందు కుంటిది, మూడు కాళ్ళ మీదే నిలబడి, వచ్చేపోయేవాళ్ళ మీద గుర్రుమంటోంది. నన్ను చూసి కూడా కదల్లేదు. నేను ముసలిదాని మెడకి తాడు వేశాకే కూలబడింది. నేనూ పక్కనే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయి, జనం చూస్తున్నా ఏడ్చాను. అవి దొరికాయన్న సంతోషం అది.

సంగతి విన్న ఓనరమ్మ మర్నాడే మనిషిని పిలిపించి గేటుకి కొత్త గొళ్ళెం వేయించింది. మూడు కుక్కల మాట మళ్ళీ ఎత్తలేదు.

ముసలిది పోయిన నాలుగేళ్ళకి కుంటిదానికి కిడ్నీలు చెడ్డాయి. బాధ ఎక్కువైతే శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇప్పించాల్సి రావచ్చని డాక్టర్ అన్నారు. ఆ మాట నేను చెప్పాల్సి వస్తుందేమోనని నెలంతా భయపడ్డాను. రాలేదు. ఒక పొద్దున కాస్త మజ్జిగ తాగి, ఎండలో నా కాలి మీద తల పెట్టుకుని అలాగే వెళ్ళిపోయింది. ఏడుపు కంటే ముందు నాకు గుండెల మీద బరువు దిగినట్టనిపించింది. చెప్పుకోడానికి సిగ్గే, కానీ నిజం.

పడుచుది ఆ రోజంతా అన్నం ముట్టలేదు. రెండో రోజు పొద్దున గిన్నె ఖాళీ చేసింది. అప్పుడుగానీ నాకు ఆకలి తెలియలేదు.