బాగుంటుందట

మా అత్తగారి మాటల్లో ఒక అక్షరం మహా ఎక్కువగా దొర్లేది. అది 'ట'. బూట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు "కనుమ దగ్గర ఎలా ఉంటుందమ్మా?" అని అడిగితే, సూది మీంచి కళ్ళెత్తకుండా "బాగుంటుందట" అనేవారు. "చలి ఎక్కువా?" అంటే "ఎక్కువేనట." ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ కనుమ దాటడానికి కొండ ఎక్కబోయేవాళ్ళ బూట్లూ, ఎక్కి దిగినవాళ్ళ బూట్లూ బాగుచేస్తున్నారు. ఆవిడ మాత్రం ఒక్కసారైనా ఎక్కలేదు. ఎక్కే రోజులే కొట్టుకి పని ఉండే రోజులు మరి.

బస్సులు ఆగే వీధిలో ఒకే కిటికీ ఉన్న గది ఆవిడ కొట్టు. అరల్లో బూట్లన్నీ బోర్లా ఉంటాయి, సోళ్ళు కనబడేలా. ముఖాలు గుర్తుండవు ఆవిడకి, సోళ్ళు గుర్తుంటాయి. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళిన రోజున గుమ్మంలో విడిచిన నా చెప్పులు తిరగేసి చూసి, "కుర్రాడు కుర్చీలోంచి లేచే రకం కాదు" అని తేల్చేశారట. నేను రికార్డుల గదిలో గుమస్తాని. ఇంకేం మాట్లాడతాను?

మా ఆవిడ పదకొండేళ్ళుగా ఆ కొండ ఎక్కేవాళ్ళకి గైడు. చిన్నప్పుడు "అమ్మా, పైన ఏముంది?" అని అడిగితే "అవతల ఇంకో లోయ కనబడుతుందట" అని జవాబు వచ్చేదట. "ఆ 'ట' వినలేక నేనే పోయి చూశాను" అంటుంది. అలాంటి కూతురితో, అరవై నిండిన వారానికి, అత్తగారు అన్నం తింటూ ప్రకటించారు.

"ఏమే, ఈసారి నీతో నేనూ వస్తున్నాను. కొట్టుకి తాళం వేస్తున్నా."

"మోకాలో?"

"అదీ వస్తుంది."

అయిదు రోజుల నడక. మూడో రోజు కనుమ దాటాలి. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది. ఆ రోజు పొద్దున పదింటికల్లా కనుమ కింద ఉన్న రాతి గుడిసెకి చేరాలి. మధ్యాహ్నం దాటితే పైన గాలికి మనిషి నిలబడలేడు. పదికి చేరనివాళ్ళు సామాను గుర్రాలతనితో వెనక్కి దిగిపోవాలి. "అమ్మయినా అంతే, మొగుడయినా అంతే" అని, అత్తగారికి తోడుగా బయలుదేరుతున్న నా వైపు చూసింది.

మూడో రోజు అయిదింటికే బయలుదేరాం. మేం ముగ్గురం, డబ్బు కట్టి వచ్చినవాళ్ళు నలుగురు, మొత్తం ఏడుగురం. ముందు మా ఆవిడ, అందరికంటే వెనక అత్తగారు. ఆవిడకి తోడు అన్న పేరుతో నేను. నిజం చెప్పాలంటే నాకు అంతకన్నా ముందు నడిచే ఊపిరి లేదు. అత్తగారు దారి చూడరు, కొండ చూడరు, ముందువాళ్ళ కాళ్ళు చూస్తారు.

"అల్లుడుగారూ, ఆ పచ్చ టోపీ ఆయన్ని ఆగి లేసు బిగించుకోమనండి. ఇంకో వంద అడుగుల్లో మడమ ఒరుసుకుపోతుంది."

"మీ మోకాలు ఎలా ఉంది అత్తయ్యా?"

"ఉండాల్సిన చోటే ఉంది. మీరు పదండి."

కానీ రాళ్ళ ఎక్కుడు మొదలయ్యాక ఆవిడ ఎడమ కాలు ఈడవడం నాకు కనబడుతూనే ఉంది. ఇరవై అడుగులకోసారి ఆగుతున్నారు. ఆగిన ప్రతిసారీ గుడిసె ఎక్కడా అన్నట్టు పైకి చూసి, నన్ను టైము మాత్రం అడగడం లేదు. నేను వాచీని చొక్కా చేతి కిందకి తోసేశాను. ఆవిడని కనుమ దాకా చేర్చమని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ అర్జీలు పెట్టుకున్నాను. గుమస్తాకి చేతనైంది అదే.

గుడిసె చేరేసరికి పదీ ఇరవై. అప్పటికే పొగమంచు దిగింది. నాలుగు బారల అవతల ఏమీ కనబడడం లేదు. మా ఆవిడ గుడిసె బయట నిలబడి ఉంది. తల్లి ముఖంలోకి చూడకుండానే గుర్రాలతన్ని పిలిచింది.

"అమ్మని నెమ్మదిగా దింపు అన్నా."

"ఇరవై నిమిషాలేగా" అని నేను నోరు జారాను. మా ఆవిడ చూసిన చూపుకి వెళ్ళి గుడిసె గోడ పక్కన నిలబడ్డాను.

అత్తగారు వాదించలేదు. "మాట మాటే" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళూ వచ్చి ఆ గుడిసె ముందు ఆగిపోయాయి. ఆవిడ మాత్రం వంగి, అలవాటుగా, కూతురి బూట్లు చూశారు. ఆపైన కూతురు వెళ్ళబోతున్న దారి చూశారు.

గుడిసె దగ్గర దారి రెండుగా చీలింది. పోయిన వానల్లో కొండచరియ జారి పాత దారి కొట్టుకుపోయింది. గుర్తుకి పేర్చిన రాళ్ళు కూడా చెదిరిపోయాయి. ఈ ఏడాది మా ఆవిడ ఇటు రావడం ఇదే మొదలు. ఎడమ దారి వెడల్పుగా, తొక్కి తొక్కి నున్నగా ఉంది. కుడి దారి మేక పోయే సందులా ఉంది. అందరూ ఎడమ వైపు తిరిగే ఉన్నారు.

"ఆ దారిన వెళ్ళకు" అన్నారు అత్తగారు.

"అమ్మా, నువ్వు ఇక్కడికి ఎప్పుడైనా వచ్చావా?"

"రాలేదు. ఆ మట్టి నా కొట్టుకి వచ్చింది." ఆవిడ కర్రతో నేల గీరారు. పసుపు పచ్చటి జిగురు మట్టి. "ఈ నెల్లో తొమ్మిది జతలు వచ్చాయి ఈ మట్టితో. తొమ్మిది మందీ ఒకటే ఏడుపు, దారి తప్పి సగం రోజు తిరిగి వెనక్కి వచ్చామని. వాళ్ళు తొక్కితేనే ఇది ఇంత నున్నగా అయింది. కనుమ దాటినవాళ్ళ సోళ్ళలో నల్ల రాతి పొడి ఉంటుంది, ఆవాలంత నలుసులు. గాట్లలో ఇరుక్కుంటే సూదితో తీయాలి."

"ఇదీ ఎవరో చెప్పిందేనా? 'ట' యేనా?" మా ఆవిడ గొంతులో విసుగు కంటే భయం ఎక్కువ ఉంది. వెనక అయిదుగురి ప్రాణాలున్నాయి.

"చెప్పుడు మాట కాదే. నా చేత్తో తీసిన మట్టి."

మా ఆవిడ అందరినీ గుడిసెలో కూర్చోమని, ఒక్కతే కుడి దారిలో మంచులోకి వెళ్ళిపోయింది. పావుగంట. నా జీవితంలో అంత పొడుగు పావుగంట లేదు. తిరిగి వచ్చి తల్లి ముందు గుప్పిట విప్పింది. నల్లటి నలుసులు.

అత్తగారు చూపుడువేలితో ఒకటి నలిపి చూసి తల ఊపారు. తర్వాత కర్ర తీసుకుని గుర్రాలతని వైపు తిరిగారు. మాట మాటే కదా.

"ఎక్కడికి?" అంది మా ఆవిడ.

"కిందకి."

"దారి తెలిసిన మనిషిని కిందకి పంపి నేనెలా వెళ్ళను? టైమైపోతోంది, పద." తల్లి వీపు మీది సంచీ లాక్కుని తన ఎడమ భుజానికి తగిలించుకుంది.

"కుడి భుజానికి వేసుకో" అన్నారు అత్తగారు. "నీ ఎడమ మడమే అరుగుతోంది. అందరి బరువూ ఒకవైపే మోస్తున్నావు, పదకొండేళ్ళుగా చూస్తున్నా."

మా ఆవిడ సంచీ భుజం మార్చుకుంది. ముక్కు ఎగబీల్చడం నాకు వినబడింది.

పన్నెండుకి పావు తక్కువలో కనుమ మీద నిలబడ్డాం. గాలి అప్పుడే మొదలైంది, మంచు విడిపోయింది. అవతల నిజంగానే ఇంకో లోయ ఉంది. మధ్యలో సన్నటి ఏరు, దాని ఒడ్డున రెండే రెండు ఇళ్ళు. అత్తగారు చాలాసేపు చూశారు. నేను కళ్ళు తుడుచుకుని, గాలికి అని చెప్పాను. ఎవరూ అడగలేదనుకోండి.

తర్వాత ఆవిడ ఒక రాయి మీద కూర్చుని, కాలెత్తి తన బూటు సోలు చూసుకున్నారు. గాట్ల నిండా నల్ల పొడి. తీస్తారేమోనని చూశాను. తీయలేదు.

ఇంటికి వచ్చాక అందరి బూట్లూ ఆవిడే శుభ్రం చేశారు. తనవి మాత్రం అలాగే పై అరలో బోర్లా పెట్టారు. వారం తర్వాత నా చెప్పు తెగి కొట్టుకి వెళ్ళాను. అక్కడో కొత్త జంట, మొదటిసారి ఎక్కబోతున్నవాళ్ళు, బూట్లకి కుట్లు వేయించుకుంటున్నారు.

"కనుమ దగ్గర ఎలా ఉంటుందమ్మా?" అని అడిగిందా అమ్మాయి.

అత్తగారు సూది ఆపి కళ్ళెత్తారు.

"బాగుంటుంది" అన్నారు.

అలవాటు కొద్దీ నేను ఆ చివరి అక్షరం కోసం ఆగాను. అప్పటికే ఆవిడ మళ్ళీ కుట్టు మొదలుపెట్టారు.