గుర్రాల కంచెలో మేం దాచిన ఇనుప కడ్డీ

ఎనభైల మొదట్లో షార్జాలో సెంట్రింగ్ పని చేసేవాణ్ణి. ఒకరోజు మా ముదీర్, అంటే మేనేజరు, వచ్చి నడుమెత్తు చెక్క చట్రాలు నాలుగు చేసి, పైన ఖర్జూర మట్టలు కట్టమన్నాడు. గుర్రాలకట. కంచె అంటే పశువు దాటకుండా కట్టేది కదా! మా ఊరి రాజన్నా నేనూ కలిసి, ఏనుగు గుద్దినా కదలనంతగా బిగించాం. మట్టలు వంకర పోకుండా లోపల ఒక్కో ఇనుప కడ్డీ దూర్చి, బైండింగ్ వైరుతో రెండేసి చుట్లు కూడా వేశాం. వాటిని రాస్ అల్ ఖైమా గుర్రప్పందేల మైదానానికి పంపారు. ఆ పనితనం చూసుకుందామనే పందెం రోజు, శుక్రవారం, బయలుదేరాం.

పదకొండింటికి షార్జా స్టాండులో టాక్సీ ఎక్కాం. సీటుకు పది దిర్హాములు, సీట్లన్నీ నిండితే గానీ బండి కదలదు. ఉమ్ అల్ క్వైన్ మీదుగా గంటన్నర దారి. పందేనికని చెబితే పఠాన్ డ్రైవరు, "కౌన్‌సా ఘోడా?" అని, మా గుర్రం ఏదో అడిగాడు. "ఘోడా నహీ భాయ్, కంచె హమారా," అన్నాడు రాజన్న. డ్రైవరుకు ఏమీ అర్థం కాలేదు. మాకు మాత్రం ఏం అర్థమైందని!

మలయాళీ హోటల్లో పప్పూ ఖుబ్బూస్ రొట్టెలూ తిని, రెండింటికి మైదానం చేరాం. తడిపి చదును చేసిన ఇసుక బాట, దానికి అడ్డంగా మా నాలుగు కంచెలు. పరుగెత్తే దారిలో కంచెలేమిటి? "సురూ కాకముందే తీసేస్తరేమోరా," అన్నాడు రాజన్న. నాకు బుర్ర తిరిగిపోయింది.

మా తెలుగు విని గుర్రాల్ని చూసుకునే ఒక ముసలి సాయిసు నవ్వాడు. హైదరాబాద్ ఖాదర్ భాయ్, చేతిలో బూడిదరంగు ఆడగుర్రం కళ్ళెం. "మీద్కెల్లి దూకే రేసు భాయ్ ఇది. సాలుకొక్కసారి అయితది," అని, గేటు దగ్గర గెలిచిన గుర్రాల బోర్డు చదివి వినిపించాడు. మూడేళ్ళు వరసగా ఒకే పేరు.

"నాలుగో ఏడు లేదేంది?" అన్నాను.

"ఆ సాలు కంచె మస్తు గట్టిగ ఉండె. కాలు తాకితే మట్టలు వంగాలె. వంగలే. కాలిరిగింది, ఖలాస్. నేనే సాకిన. గిది దాని చెల్లె."

మా కడ్డీలు గుర్తొచ్చాయి. చెబితే ముదీర్ ఇంటికి పంపిస్తాడు. చెప్పకపోతే ఈ గుర్రం, దాని మీది మనిషి! నేనింకా నీళ్ళు నములుతుంటే రాజన్నే అనేశాడు. "భాయ్, మట్టల్ల రాడ్ ఉన్నది. మేమే పెట్టినం."

ఖాదర్ భాయ్ తిట్టలేదు. "యల్లా, నడువుండ్రి!" అని కళ్ళెం పక్కవాడి చేతికిచ్చి కంచెల వైపు పరుగెత్తాడు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు దగ్గర పట్టకారు అడిగి తెచ్చాను. వైరు కత్తిరించి, కడ్డీలు లాగి, గడ్డిమోపుల జనపతాడుతో మట్టల్ని వదులుగా కట్టాం. ఎవరో అరబీలో కేకలేస్తుంటే ఖాదర్ భాయే జవాబు చెప్పాడు. నాలుగో కడ్డీ బయటికొచ్చేసరికి గుర్రాలు వరసలో నిలబడ్డాయి.

చివరి కంచె దగ్గర బూడిదరంగు గుర్రం ముందుకాళ్ళు మట్టలకు తగిలాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మట్టలు వంగి లేస్తున్నాయి, గుర్రం పరుగెడుతూనే ఉంది. మూడోదిగా వచ్చింది. "బోర్డు మీద పేరెందుకు భాయ్, నాలుగు కాళ్ళ మీద వచ్చింది, గదే సాలు," అంటూ ఖాదర్ భాయ్ ఏడ్చేశాడు.

తిరుగు టాక్సీవాడు కప్పు మీది కడ్డీలకూ ఒక సీటు డబ్బులు అడిగాడు. బేరమాడకుండా ఇచ్చాం. నేను కట్టింది ఏదీ వంగకూడదనుకునే పనివాణ్ణి. వంగిందని సంతోషించింది ఆ ఒక్క రోజే. మీరెప్పుడైనా ఇలాంటి పందేనికి వెళితే గంట ముందే చేరి, వాళ్ళు రానిస్తే కంచెల పక్కన నడిచి, మట్టల్ని చేత్తో ఒకసారి నొక్కి చూడండి. వంగకపోతే మొహమాటపడకుండా అక్కడున్న సాయిసుకు చెప్పండి.