ఇ-నలభై దారికి వేలిముద్ర

అల్లుడు హాల్లో గోడకి పటం అంటించాడు. అందులో ఒక ఎర్ర గీత ఫ్రాన్సు తీరాన మొదలై బెల్జియం, జర్మనీ దాటి పోలండ్‌లోకి పోతుంది. ఆ రోడ్డుని ఇ-నలభై అంటారట. కారు అద్దెకు తీసుకుని పది రోజులు దాని మీదే వెళ్దామన్నాడు. సరిహద్దుల్లో ఎవరూ ఆపరని చెప్తే నేను నమ్మలేదు. పక్కదేశంలోని జోహోర్ వెళ్ళినప్పుడల్లా సరిహద్దు వంతెన మీద బస్సులో గంటల తరబడి ఉడికినదాన్ని.

ఈ చిన్న ద్వీపదేశంలో, చోవా చూ కాంగ్ అనే పేటలో మాది పన్నెండో అంతస్తు. కూతురూ అల్లుడూ ఆఫీసుకి, మనవరాలు స్కూలుకి పోయాక నాకు మిగిలేవి మూడు గదులు, ఒక కిటికీ. ఒకరోజు తోచక బస్సెక్కి దీవి పడమటి కొసన ఉన్న తువాస్ దాకా పోయాను. షిప్‌యార్డు గోడ దగ్గర రోడ్డు అయిపోయింది. ఇక్కడ ఎటు వెళ్ళినా అంతే. అందుకే ఆ ఎర్ర గీత మీద వేలుంచి రోజూ పోలండ్ దాకా వెళ్ళొచ్చేదాన్ని.

వీసా ఫారం మీద తెలుగులో సంతకం చేశాను. శనివారాలు మనవరాలిని తెలుగు క్లాసులో దింపి, వెనక బల్ల మీద కూర్చుని అరవై మూడేళ్ళకు నేర్చుకున్న అక్షరాలవి.

వీసా ఆఫీసు కౌంటర్లో అమ్మాయి ఫారం వెనక్కి తోసింది. పాస్‌పోర్టులో ఉన్నది నా పాత వేలిముద్ర. రెండూ ఒకేలా ఉండాలట.

"సంతకం ఈమధ్యే వచ్చిందని చెప్పు," అన్నాను అల్లుడితో.

"అలా ఒప్పుకోరు అత్తయ్యగారూ. పాస్‌పోర్ట్ మార్పించాలంటే నెల పైనే. మన ఫ్లైట్ మూడు వారాల్లో."

"థంబ్ పెట్టేయ్ లా, అమ్మమ్మా," అంది మనవరాలు ఇక్కడి పిల్లల యాసలో, ఫోన్లోంచి తలెత్తకుండా.

కూతురు మాత్రం నా మొహం చూడలేదు. వద్దంటే నా కోసం అందరూ ఆగిపోవాలి, లేదంటే నన్నొదిలి వెళ్ళాలి. చెయ్యి చాపాను. ముద్ర వెయ్యడం నాకు తెలియదనుకుందేమో, కౌంటర్లో అమ్మాయి నా మణికట్టు పట్టుకుని నా బొటనవేలిని తనే సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది.

ప్రయాణంలో రెండో రోజు మధ్యాహ్నం అల్లుడు, "అత్తయ్యగారూ, జర్మనీలోకి వచ్చేశాం," అన్నాడు. గేటు ఎక్కడని వెనక్కి తిరిగి చూశాను. పొలాలూ, లారీలూ తప్ప ఏమీ లేవు. కాగితం చూపించమన్నవాళ్ళే లేరు. పాస్‌పోర్టు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలా వెనక్కే చూస్తూ కూర్చున్నాను.