ముక్కు లేని పిచ్చుక

మా వదిన రోజూ పొద్దున్న ఆరింటికీ తొమ్మిదింటికీ మధ్య నలభై మంది రక్తం తీస్తుంది. పరీక్షల ల్యాబులో ఆవిడ చేతికి మంచి పేరు. సూది గుచ్చినట్టే తెలియదంటారు. అదే చెయ్యి ఇంటికొచ్చి గుడ్డలో సూది గుచ్చిందంటే మాత్రం ఆ సూది ఇక అక్కడే ఉండిపోతుంది.

పూర్తి కాని కుట్టుపనులు ఎన్నున్నాయో నేనే లెక్కపెట్టాను. నలభై ఒకటి! బీరువా మీద, మంచం కింద, వాడని కుక్కర్లో, ఆఖరికి అన్నయ్య హెల్మెట్లో కూడా. మెడ దాకా వచ్చిన కుందేలు, సగం విచ్చిన పువ్వులు, 'శుభో' దగ్గర ఆగిపోయిన 'శుభోదయం'. రేపు మొదలుపెట్టడానికి వీలుగా ఒక్కోదానికీ ఒక్కో సూది దారంతో సహా గుచ్చే ఉంటుంది. ఆ రేపు రాదు, కొత్త గుడ్డ వస్తుంది.

అందులో నాదీ ఒకటుంది. నా పెళ్ళికి ఇస్తానన్న దిండు గలీబుల జత. ఒక్కో గలీబు మీద ఒక్కో పిచ్చుక, ఒకదాన్నొకటి చూసుకుంటూ. నాకు పెళ్ళయి పదకొండేళ్ళయింది. పిచ్చుకకు ఇంకా ముక్కు రాలేదు. ఏటా సెలవు పెట్టి నేను వదిన ఇంటికి వెళ్ళేది ఆ గలీబుల కోసమే. నాలుగు రోజులు పోట్లాడి, ఆవిడ వండినవన్నీ తిని, కాస్త ఒళ్ళు చేసి, వట్టి చేతులతో తిరిగొస్తాను.

ఈ ఏడు నేను వెళ్ళిన రోజే అన్నయ్య హెల్మెట్ పెట్టుకోబోతే నెత్తిన సూది గుచ్చుకుంది. ఆయన వేసిన కేకకు పక్కింటివాళ్ళు కూడా వచ్చారు.

"ఆదివారం పదకొండింటికి కుట్టు నేర్పే స్కూలు వ్యాను వస్తుంది. ఇవన్నీ ఇచ్చేస్తున్నా," అన్నాడు. "ఈలోగా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పూర్తి చేసి చూపించు. మిగతావన్నీ ఉంచుకో. తీర్పు మా చెల్లిది."

నేను బట్టల ఫ్యాక్టరీలో తనిఖీ చేస్తాను. ఒక్క గుండీ వదులైతే చొక్కాల కట్ట మొత్తం వెనక్కి పంపే మనిషిని. నా మాటకు ఇంట్లో అప్పీలు లేదు.

వదిన నవ్వుతూనే ఉంది కానీ చేతిలో గిన్నె దించడం మర్చిపోయింది. "అవన్నీ పోతే నేను సాయంత్రాలు ఏం చెయ్యనే?" అంది. నాకు జాలేసింది.

పిచ్చుకనే ఎంచుకుంది. ఒక్క ముక్కు, అరగంట పని. అయితే దానికి నారింజ రంగు దారం కావాలి. దారం వెతుకుతూ శుక్రవారం కుందేలు కనబడితే దానికి సగం తల కుట్టింది. శనివారం దారం కొనుక్కొస్తానని బజారుకు వెళ్ళి, దారంతో పాటు పడవ బొమ్మ గీసి ఉన్న నీలం గుడ్డ ఒకటి తెచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వదినా! నీకసలు బుద్ధుందా?"

"ఒక్క తెరచాప వేసి ఆపేస్తానే, ఒట్టు!"

నలభై రెండు! తిట్టి తిట్టి నోరు నొప్పెట్టి, ఉన్నట్టుండి నవ్వొచ్చేసింది. ఆవిడా పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ ఆ తెరచాపకు ఫ్రేము బిగించి పట్టుకున్నది ఎవరంటారా? నేనే, నా మతి మండ!

ఆదివారం వీధిలో వ్యాను హారన్ మోగేసరికి ముక్కుకు ఇంకో రెండు కుట్లు మిగిలున్నాయి. ఆ రెండూ వేసి, ముడి వేయబోతూ వదిన ఆగిపోయింది.

"ఇది అయిపోతే నువ్వు పట్టుకుపోతావు కదూ?"

"పట్టుకుపోకుండా ఉంటానా మరి?"

"మరి వచ్చే ఏడు ఎందుకొస్తావు?"

గలీబుల కోసమే వస్తున్నానని పదకొండేళ్ళుగా నేనే కదా దండోరా వేస్తున్నాను!

"ముందు ముడి వెయ్యి తల్లీ," అన్నాను.

వేసింది. అన్నయ్య, వెనకాలే వ్యాను డ్రైవరు, లోపలికి వచ్చారు. ఫ్యాక్టరీలో చేసినట్టే గలీబును తిరగేసి, బోర్లేసి చూశాను. దారం ఊడలేదు, ముక్కు ముక్కులాగే ఉంది. తర్వాత దాని కింద ఉన్న రెండోది విప్పాను. తెల్లగా ఉంది. పిచ్చుక మాట దేవుడెరుగు, పెన్సిలు గీత కూడా లేదు. పదకొండేళ్ళుగా ఈవిడ నాకు ఒకే గలీబు చూపిస్తోంది! తలెత్తి చూస్తే వదిన గోడ గడియారాన్ని దీక్షగా పరిశీలిస్తోంది.

"ఏమ్మా, పాసా, ఫెయిలా?" అన్నాడు అన్నయ్య.

రెండోదాన్ని మడిచి మొదటిదాని కింద పెట్టేశాను.

"పాస్," అన్నాను.

వ్యానును ఉత్తగా పంపడం బాగుండదని అన్నయ్య ఆ వాడని కుక్కరు తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. వదిన వ్యాను వెంట వీధి మలుపు దాకా పరుగెత్తి కుక్కర్లో ఉన్న మూడు గుడ్డలూ వెనక్కి తెచ్చుకుంది.

సాయంత్రం బస్సు ఎక్కే ముందు ఆ తెల్ల గలీబు ఆవిడ చేతిలో పెట్టాను.

"వచ్చే ఏటికి దీని పిచ్చుక కూడా ఖాయమే," అంది, తల దించుకుని.

"ముక్కు దగ్గర ఆపు," అన్నాను.